అచ్చం కోచ్‌లాగే

మా క్యాంపు పోస్టరు మీద "మాజీ ప్రొఫెషనల్ ఆటగాడి ఆధ్వర్యంలో" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ మాజీ ఆటగాణ్ణి నేనే. ఆ అక్షరాలు పెద్దవి చేయించిందీ నేనే. అందులో అబద్ధమేమీ లేదు. తొమ్మిదేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడి నెలనెలా జీతం తీసుకున్నాను. కాకపోతే ఆ తొమ్మిదేళ్ళలో నా చేతిలో బంతి కన్నా తువ్వాలే ఎక్కువ ఆడింది. మావాళ్ళు మంచి షాట్ వేసినప్పుడల్లా బెంచీ మీంచి లేచి తువ్వాలు గిరగిరా తిప్పడం నా పని. ఆ విద్యలో మాత్రం నన్ను మించినవాడు లీగు మొత్తంలో లేడు.

ఏటా క్యాంపు మొదలైన రోజే పిల్లలు ఫోన్లలో నా పాత ఆటలు వెతుకుతారు.

"కోచ్, ఇందులో మీరెక్కడున్నారు?"

"అదిగో, ఆ చివర."

"ఆ తువ్వాలు తిప్పే ఆయనా?"

"ఆయనే."

వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూస్తారు. తర్వాత ఒకడెవడో జాలిపడి, "బాగా తిప్పుతున్నారు కోచ్" అంటాడు.

నాకూ ఒక విద్య ఉండేది. ఫ్రీ త్రో. ఫౌల్ జరిగితే గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డు రాకుండా వేసుకునే షాట్ అది. అవతలి జట్టువాళ్ళు ఒళ్ళు తెలియని కోపంలో రిఫరీని నానా మాటలూ అంటే, ఆ తప్పుకు మాకో ఫ్రీ త్రో దక్కేది. దాన్ని జట్టులో ఎవరైనా వేయొచ్చు. అప్పుడు మా కోచ్ వెనక్కి తిరిగి నాకేసి చూసేవాడు. నేను లేచి, తువ్వాలు పక్కవాడి చేతికిచ్చి, వెళ్ళి, బంతి వేసి, సందు దొరకగానే వచ్చి మళ్ళీ తువ్వాలు పుచ్చుకునేవాణ్ణి. ఎదుటివాళ్ళ నోటిదురుసు మీద అన్నేళ్ళు బతికినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. తప్పిపోయిన షాట్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆట మానేశాక ఒక ఫర్నిచర్ కంపెనీ గోదాములో పని దొరికింది. అక్కడ నన్నెవరూ కోచ్ అనరు. పై అరలోంచి ఏదన్నా దించాల్సి వస్తే "ఆ పొడుగాయన్ని పిలవండి" అంటారు. నేను వెళ్ళి దించుతాను. ఏడాదికో నెల, స్కూళ్ళకు సెలవులిచ్చినప్పుడు, గోదాముకు సెలవు పెట్టి ఈ క్యాంపు నడుపుతాను. ఆ నెల రోజులే నేను మనిషిలో మనిషిని. పొద్దున ఈల మెడలో వేసుకుని హాల్లోకి అడుగు పెట్టగానే ఆ చెక్కనేల మీద బూట్లు కిర్రుమనే చప్పుడు వింటే, నాకు మిగిలింది ఇదొక్కటే అనిపిస్తుంది. ఇది పోతే నేను ఉత్త పొడుగాయన్ని.

అది పోయే ప్రమాదం నా ఎడమ మోకాల్లోనే ఉంది.

మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. మా పరిచయం నేను ఆడిన క్లబ్బులోనే జరిగింది. ఆవిడ మొట్టమొదట పట్టుకున్నది నా చెయ్యి కాదు, బెణికిన చీలమండ. ఊళ్ళో సగంమంది మోకాళ్ళు ఆవిడ చెప్పుచేతల్లో ఉంటాయి, నాదొక్కటే మాట వినదు. లోపలి మెత్తటి పొర అరిగిపోయిందనీ, ఆపరేషన్ తప్పదనీ కిందటేడే పెద్ద డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పింది ఒక చెవితో విన్నాను. ఆవిడ రెండు చెవులతో విని, ఈ ఏడాది క్యాంపు మొదలయ్యే ముందు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది.

"నడుపుకో. కానీ నువ్వక్కడ కుంటుతూ గెంతుతున్నావని నాకు తెలిసిందా, ఆ రోజుతో క్యాంపు బంద్. ఆపరేషన్‌కి డేట్ నేనే రాయిస్తా."

"కుంటేంత నొప్పేం లేదు, ఇప్పుడు చాలా నెమ్మదించింది" అన్నాను. 

ఆపరేషనంటే భయమా అంటే భయమే. కానీ అసలు భయం అది కాదు. ఆ బల్ల మీంచి లేచాక, "ఇంక కోర్టు మీదికి వద్దు" అంటారని భయం. ఆటలో ఉన్నన్నాళ్ళూ బెంచీ మీదే కూర్చున్నా, లేవమంటారేమోనన్న ఆశ ఒకటి ఉండేది. ఆ ఆశ కూడా లేని బెంచీ మీద కూర్చోవడం నావల్ల కాదు.

అందుకని తేలు కుట్టిన దొంగలా నెల రోజులు గడిపాను. ఆవిడ క్లినిక్ నుంచి వచ్చే వేళకి ముందే ఇల్లు చేరి కుర్చీలో స్థిరపడేవాణ్ణి. ఆవిడ గదిలో ఉన్నంతసేపూ లేచేవాణ్ణి కాదు. మంచినీళ్ళు కావాలంటే కూతుర్ని, మా చిన్నదాన్ని, పిలిచేవాణ్ణి. ఫ్రిజ్ నిండా ఐసు సంచులు చూసి ఆవిడ ఒకరోజు, "ఇన్నెందుకు?" అంది.

"నా మోకాలికేం కాదు" అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆవిడ నన్నోసారి ఎగాదిగా చూసింది. "క్యాంపులో పిల్లలు పడుతూ ఉంటారుగా, వాళ్ళకి" అని సర్దాను. ఆవిడ ఫ్రిజ్ తలుపు మూసేసింది. నమ్మించానని నేను సంబరపడ్డాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆ పిల్లికి కనీసం పాలైనా దక్కుతాయి.

ఇక నా బోధన పద్ధతి. నాకు మాటలు రావు. మాటలు వచ్చినవాళ్ళు టీవీలో వ్యాఖ్యానాలు చెప్పుకుంటున్నారు, నేను గోదాములో బల్లలు దించుతున్నాను. మా కోచ్ కూడా మాటల మనిషి కాదు. "చూడు, చెయ్యి" అనేవాడు, అంతే. నేనూ అదే పట్టుకున్నాను. మొదటిరోజే పిల్లలందరినీ గీత ముందు కూర్చోబెట్టి చెప్పాను.

"నేనేం చేస్తే అది చెయ్యండి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. ఎందుకని అడగొద్దు. అచ్చం నాలాగే రావాలి."

రెండు బ్యాచీలుండేవి. పొద్దుటివాళ్ళకి పసుపు చొక్కాలు, సాయంత్రంవాళ్ళకి ఆకుపచ్చవి. పసుపు బ్యాచిలో ఒక పొడుగు కుర్రాడుండేవాడు, వాణ్ణి అందరూ జిరాఫీ అనేవారు. వాడికి నేనంటే ఎంత గురి అంటే, నేను తుమ్మితే అది కూడా నేర్చుకోవాలా అన్నట్టు చూసేవాడు. మా పదమూడేళ్ళ చిన్నది కూడా పసుపు బ్యాచే. కోర్టులో నాన్నా అని పిలవకూడదు, అందరిలాగే కోచ్ అనాలి అని దానికి ముందే చెప్పాను. పక్షపాతమనే మాట రాకూడదు కదా. అది తలూపి, ఆ రోజు నుంచి ఇంట్లో కూడా ఒకటి రెండుసార్లు నన్ను కోచ్ అంది. ఎగతాళో అలవాటో తేల్చుకోలేకపోయాను.

పది రోజులు తిరిగేసరికి నా కడుపు నిండిపోయింది. పిల్లలందరూ నాలాగే షాట్ వేస్తున్నారు! గీత దగ్గరికి రావడం, బంతి నేలకు కొట్టడం, ఊపిరి వదలడం, ఒకవైపు ఒరగడం, మోచెయ్యి ఎత్తడం, అంతా ఒకే అచ్చులోంచి తీసినట్టుంది. వరసగా నిలబడి వేస్తుంటే అద్దాల గదిలో నన్ను నేను చూసుకున్నట్టుండేది. ఒక్క చిక్కు ఏమిటంటే, బంతి రింగులో పడటం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రింగు వంగిందేమోనని హాలు వాచ్‌మన్‌తో టేపు పెట్టించి కొలిపించాను. రింగు నిక్షేపంలా ఉంది. బంతుల్లో గాలి ఎక్కువైందేమోనని తీయించాను. తక్కువైందేమోనని మళ్ళీ కొట్టించాను.

బంతి పడేది ఒక్క చిన్నదానికే. కానీ అదొక్కతే నా పద్ధతిలో వేసేది కాదు. తిన్నగా వచ్చి, రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడి, మోకాళ్ళు రెండూ కలిపి వంచి, నెమ్మదిగా లేస్తూ వదిలేసేది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. నా సంగతి తిరగబడింది. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరూ ముద్దు, నా పిల్ల ఒక్కతే కంట్లో నలుసు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, రచ్చలో ఇంతమంది నా మాట వింటుంటే ఇంట్లోది వినదేం?

ఒకరోజు అందరి ముందూ ఆపాను.

"ఏంటది? నేను చూపించిందేంటి, నువ్వు చేసేదేంటి?"

"బాల్ పడింది కదా కోచ్."

"పడటం కాదు ముఖ్యం, పద్ధతి ముఖ్యం. జిరాఫీని చూడు. ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో చూడు. మళ్ళీ వెయ్యి, నాలాగా."

అది మళ్ళీ తనలాగే వేసింది. మళ్ళీ పడింది. నాకు ఒళ్ళు మండింది. "నాలాగా చెయ్యడం చేతకాకపోతే వెళ్ళి అక్కడ కూర్చో, మిగతావాళ్ళని చూసి నేర్చుకో" అని బెంచీ చూపించాను. దాని మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, నా కాళ్ళకేసి చూసి, నోరు మూసుకుని వెళ్ళి కూర్చుంది. మొండిఘటం, తల్లి పోలిక అనుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో మంచినీళ్ళు అడిగితే గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, చేతికివ్వలేదు.

క్యాంపు చివరిరోజు ఒక మ్యాచి పెట్టడం రివాజు. ఈసారి ప్రత్యర్థి మా బావమరిది. మా ఆవిడకి సొంత తమ్ముడు, ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టారు. నన్ను ఆట పట్టించడం కోసమే పుట్టాడని నా అనుమానం. మా పెళ్ళిలో తువ్వాలు తిప్పుతూ ఎదురొచ్చినవాడు.

"బావా, మావాళ్ళని తీసుకొస్తున్నా. అక్క కూడా వస్తానంది, క్లినిక్ మూసేసి మరీ" అన్నాడు ఫోన్లో.

ఇప్పటిదాకా ఆవిడ ఒక్కసారి కూడా హాలుకు రాలేదు. సరే, మ్యాచిలో ఆడేది పిల్లలు, నేను కాదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. గీత పక్కన కదలకుండా నిలబడి ఈల ఊదుకుంటే చాలు. కుంటాలంటే నడవాలి, నడవకపోతే కుంటేదేముంది? అంత దూరం ఆలోచించినవాణ్ణి, ఇంకొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది.

చివరిరోజు హాలు నిండిపోయింది. తల్లిదండ్రులు మెట్ల వరసల మీద కూర్చున్నారు. మా ఆవిడ అందరికన్నా పై వరసలో, చేతులు కట్టుకుని. పసుపూ ఆకుపచ్చా కలిపి జట్టు తయారుచేశాను. చిన్నదాన్ని బెంచీ మీద కూర్చోబెట్టాను. పద్ధతి పాటించనివాళ్ళకి మొదట్లో చోటు లేదని అందరితో పాటు దానికీ చెప్పాను. అది చొక్కా అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఆట మొదలైన కాసేపటికే మాకు ఫౌల్ దక్కింది. ఫ్రీ త్రో. జిరాఫీ గీత దగ్గరికి వెళ్ళాడు.

వాడు నడిచిన తీరు ఆ రోజు మెట్ల కింద నిలబడి దూరం నుంచి చూశాను. రోజూ పక్కనే ఉండి చూసేవాణ్ణి, అదీ చేతులకేసి, బంతికేసి. ఇప్పుడు వాడు మొత్తంగా కనిపించాడు. ఎడమ కాలు నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళాడు. గీత దగ్గర ఆగి ఎడమ తొడ మీద అరచెయ్యి వేసి నొక్కాడు. పళ్ళు బిగించి "ఉఫ్" అన్నాడు. ఒళ్ళంతా కుడివైపు ఒరిగింది. బంతి విసిరాడు. అది బోర్డుకు కూడా తగలకుండా పోయింది. అప్పుడు వాడు ఎంతో తృప్తిగా "హమ్మయ్య" అన్నాడు.

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో తల్లి, "అయ్యో, ఆ అబ్బాయికి కాలు బాలేదా?" అంది. 

తర్వాత ఫ్రీ త్రో ఒక ఆకుపచ్చ చొక్కా పిల్లకి వచ్చింది. ఆ పిల్ల కూడా కాలు ఈడ్చింది, తొడ నొక్కింది, "ఉఫ్" అంది, ఒరిగింది, "హమ్మయ్యా" అంది. ఆ తర్వాత ఇంకొకడు. వాడు గీతదాకా వచ్చేలోపు మధ్యలో ఒకసారి ఆగి నడుం కూడా పట్టుకున్నాడు. మాకు ఫౌళ్ళకి కొదవ లేదు, మా బావమరిది పిల్లలు మోటుగా ఆడేరకం. ఒక్కొక్కరూ వెళ్ళడం, కుంటడం, మూలగడం, వేయడం, తప్పడం. హాలంతా గొల్లుమంటోంది. మా బావమరిది కోర్టు దాటి వచ్చేశాడు.

"బావా, ఏంటిది? వీళ్ళని ఆటకి తీసుకొచ్చావా, ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిలో ఆగావా?"

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. ఇక్కడ నక్కలదేం తప్పు లేదు, పులే కుంటిది. పైగా షాట్ వేసేటప్పుడు కూడా కుంటుతోందని తనకే తెలియని పులి. నొప్పి దాచేశాననుకుని నెల రోజులుగా దాన్ని పద్ధతి ప్రకారం పాఠంలా చెప్పాను. రింగు కొలిపించాను. బంతుల్లో గాలి తీయించాను. నా మోకాలు తప్ప అన్నీ పరీక్ష చేయించాను.

సగం ఆట అయ్యి విరామం ఇచ్చేసరికి మా ఆవిడ మెట్లు దిగి వచ్చింది. నాకేసి చూడలేదు. జిరాఫీని పిలిచింది.

"బాబూ, కాలు నొప్పా?"

"లేదాంటీ."

"మరి ఎందుకు ఈడుస్తున్నావ్?"

"టెక్నిక్ ఆంటీ. బరువు కుడివైపుకి రావాలి."

"తొడ మీద చెయ్యి?"

"అది రెండో స్టెప్పు."

"ఉఫ్ అంటున్నావు?"

"అది ఊపిరి ఆంటీ, చాలా ముఖ్యం. మేం ఇంటి దగ్గర కూడా ప్రాక్టీసు చేస్తాం."

"మరి హమ్మయ్య?"

"అది ఫినిషింగ్" అన్నాడు వాడు గర్వంగా. "అచ్చం కోచ్‌లాగే రావాలన్నారు."

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "మీరిలా కూర్చోండి" అంది.

మా ఇంట్లో నేను నువ్వు. ఆవిడ నన్ను మీరు అందంటే, భర్త ఉద్యోగం పోయి పేషెంటునయ్యానని అర్థం. కూర్చున్నాను, బెంచీ మీదే. ఆవిడ నా మోకాలు ముట్టుకోను కూడా లేదు.

"ఎడమది. లోపలివైపు. వంచితే పర్లేదు, బరువు వేస్తే నొప్పి. పొద్దున కన్నా సాయంత్రం ఎక్కువ."

"సాయంత్రం సంగతి నీకెలా తెలిసింది?"

"ఆకుపచ్చ చొక్కాలవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ కుంటుతున్నారు."

మోకాలి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. 

"పేషెంట్లు అబద్ధం చెప్తారు, అలవాటే నాకు" అంది ఆవిడ. "కానీ ఇంతమంది పిల్లలు కలిసి ఒకే నిజం చెప్తుంటే ఇంక స్కానింగెందుకు? రేపే ఆపరేషన్‌కి డేట్ రాయిస్తున్నా. క్యాంపు సంగతి మనం ముందే అనుకున్నాం."

ఇంతమందిలో కళ్ళనీళ్ళ పర్యంతమైతే బాగుండదని బూటు తాడు ఊడదీసి మళ్ళీ కట్టుకున్నాను. పక్కన ఎవరో కూర్చున్నట్టనిపించి చూస్తే చిన్నది. నీళ్ళ సీసా నా చేతికిచ్చింది.

"నీకు తెలుసా, నాకు నొప్పని?" అన్నాను.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే అమ్మ క్యాంపు ఆపేస్తుందిగా."

"అందరి ముందూ నిన్ను తిట్టినప్పుడైనా చెప్పొచ్చు కదే?"

"అందరి ముందూ ఎలా చెప్తాను, కోచ్‌కి కాలు బాలేదని?" అని తల వంచుకుంది. తర్వాత మెల్లిగా అంది. "నేను నీలాగే వేస్తున్నా. ఇదివరకు వేసేవాడివే, అలా. వెనక సందులో గోడకి రింగు కట్టి నాకు చూపించేవాడివి, నా చిన్నప్పుడు. నాకు అదే వచ్చు."

ఆ సందు గుర్తొచ్చింది. ఆ గోడా, ఆ రింగూ గుర్తొచ్చాయి. నా భుజం మీద కూర్చుని బంతి వేసిన ఐదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. అప్పుడు నేను ఎలా వేసేవాణ్ణో మాత్రం గుర్తు రాలేదు. నేను మరిచిపోయినదాన్ని ఈ పిల్ల జాగ్రత్తగా దాచుకుంటే, ఆ నేరానికి దాన్ని బెంచీ మీద కూర్చోబెట్టాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పిల్లలందరినీ పిలిచాను. వాళ్ళు నా చుట్టూ చేరారు, అలవాటు చొప్పున కొందరు ఎడమ కాలు ఈడ్చుకుంటూ.

"చూడండి" అని మొదలుపెట్టి, చూపించడానికి లేవబోయాను. మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఇక గత్యంతరం లేదు, మాటల్లోనే చెప్పాలి.

"ఆ కాలు ఈడ్చడం ఉందే... అది టెక్నిక్ కాదు. నాకు మోకాలు నొప్పి. చాలా నొప్పి. తొడ నొక్కుకునేది కూడా అందుకే. మీకు దాచాననుకున్నాను. మీరది నేర్చేసుకున్నారు. తప్పు మీది కాదు."

అందరూ బిక్కమొహాలు వేశారు. పోస్టరు మీద పెద్ద అక్షరాలన్నీ ఒక్కొక్కటే రాలిపోతున్నట్టనిపించింది. 

"అయితే ఉఫ్ కూడా వద్దా కోచ్?" అన్నాడు జిరాఫీ, వాడి ఆస్తి ఎవరో లాక్కున్నట్టు.

"వద్దు."

"హమ్మయ్య?"

"అది కావాలంటే ఉంచుకో."

వాడి మొహం కాస్త తేరుకుంది. అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, షాట్ ఎలా వేయాలో నోటితో చెప్పాను. రెండు కాళ్ళూ సమంగా పెట్టమన్నాను. బరువు ఇటూ అటూ పోకూడదన్నాను. మోకాళ్ళు కలిపి వంచి, లేస్తూ లేస్తూ బంతి వదలాలి, చేతులతో విసరకూడదు, కాళ్ళలో పుట్టిన బలం వేళ్ళదాకా రావాలి అన్నాను. ఇవన్నీ నాకెక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియదు. ఎదురుగా చిన్నది నిలబడి ఉంటే, దాన్ని చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పుకుపోయాను.

"ఇంకా అర్థం కాకపోతే చిన్నదాన్ని చూడండి. అచ్చం అలాగే వెయ్యండి" అని, దాన్ని ఆటలోకి పంపాను.

ఇలాంటి కథల్లో ఇక్కణ్ణుంచి జట్టు పుంజుకుని గెలుస్తుంది. మేం గెలవలేదు. నెల రోజుల కుంటి నడక సగం ఆటలో ఎక్కడ పోతుంది? కొందరు గీతదాకా తిన్నగా వెళ్ళి, అలవాటుగా తొడ మీద చెయ్యి వేసి, నాలిక్కరుచుకుని తీసేశారు. కానీ బంతులు రింగుకు తగలడం మొదలైంది. అక్కడక్కడా ఒకటి పడింది కూడా. ఆకుపచ్చ పిల్ల ఒకటి వేస్తే, నేను కూర్చున్నచోటే చేతికందిన తువ్వాలు తీసి గిరగిరా తిప్పాను. ఎదురుగా మా బావమరిది రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

మా ఆవిడ నా పక్కనే కూర్చుంది. ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఐసు సంచి నా మోకాలి మీద పెట్టి, కోర్టుకేసి చూస్తూనే అంది.

"మాటలు రావు రావంటావ్. బానే చెప్పావ్ కదా."

"నోరు జారింది."

"వచ్చే ఏడు మంచి కుర్చీ ఒకటి చూసుకో. నోటికి మోకాలు అక్కర్లేదు."

అంటావ్, చెప్పావ్, చూసుకో. పేషెంటు ఉద్యోగం పోయి భర్త ఉద్యోగం మళ్ళీ వచ్చింది. క్యాంపు ఉంటుందని ఆవిడ వేరే చెప్పలేదు, నేనూ మళ్ళీ అడగలేదు. ఐసు సంచి చల్లగా, చాలా హాయిగా ఉంది.

ఆట ముగిసే ముందు చిన్నదాన్ని ఎవరో తోసేశారు. రెండు ఫ్రీ త్రోలు. అప్పటికి మేం ఓడిపోవడం ఖాయమైపోయింది, మెట్ల మీదివాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. అది గీత దగ్గరికి వెళ్ళి బంతి రెండుసార్లు నేలకు కొట్టింది. రెండు కాళ్ళ మీదా నిలబడింది. వంగి, లేచి, వదిలింది. 

షాట్ వేసేవాడికి రింగు కనిపిస్తుంది గానీ తాను కనిపించడు. తొమ్మిదేళ్ళు ఆడినా నా షాట్ ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. చూపించే వీడియోలు కూడా లేవు, ఉన్నవన్నీ తువ్వాలువే. అంత బాగుండేదని నాకు తెలియదు. బంతి వల దాటి కిందపడ్డ చప్పుడు కూడా నాకు సరిగా వినపడలేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడకి గుర్తుంది, ఆ రోజుల్లో కోర్టు పక్కన నిలబడి చూసింది కదా.

రిఫరీ బంతి మళ్ళీ చేతికిచ్చాడు. అప్పుడు చిన్నది రెండడుగులు వెనక్కి వేసి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ గీత దగ్గరికొచ్చింది. తొడ మీద అరచెయ్యి వేసి నొక్కింది. "ఉఫ్" అంది, హాలంతా వినపడేలా. కుడివైపుకి విరిగి పడేంతగా ఒరిగి బంతి విసిరింది. అది ఎక్కడో గోడకి తగిలింది. హాలు పగిలిపోయేలా నవ్వు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటోంది. చిన్నది "హమ్మయ్యా" అని నా వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది.

"నాన్నా! ఇప్పుడు నీలాగా వచ్చిందా?"

కోర్టులో నాన్నా అనొద్దన్న మాట అప్పుడు నాకు గుర్తే రాలేదు.

"ఇది కాదే!" అని నేనూ అరిచాను. "ఇందాకటిది. ఇందాకటిదే నాది!"